గుర్రపు బండి నుంచి నాలుగు మీటర్ల కారు వరకు

జోల్వా (సూరత్): ముంబై-ఢిల్లీ జాతీయ రహదారిపై సూరత్ శివార్లలోని కడోదరా కూడలి నుంచి బార్డోలీ వైపు మళ్ళితే జోల్వా వస్తుంది. పల్సాణా తాలూకాలోని ఈ గ్రామం పాలియెస్టర్ నూలుకు ప్రసిద్ధి. సూరత్ మరమగ్గాలపై పనిచేసే వేలాది తెలుగు నేత కుటుంబాలకు కూడా ఈ ప్రాంతం కొత్తది కాదు. నూలు బేళ్ళతో లారీలూ, టెంపోలూ నిరంతరం తిరిగే ఈ కూడలి వద్ద కాసేపు నిలబడి గమనిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. వచ్చే పోయే కార్లలో చాలా వాటి వెనుక భాగం హఠాత్తుగా, కత్తితో కోసినట్లు ముగిసిపోతుంది. ముందు భాగం ఠీవిగా, మధ్య భాగం విశాలంగా ఉండి, తోక మాత్రం కురచగా ఉంటుంది. ఇది చిత్రకారుని ఊహ కాదు, ఇంజనీరు అవసరం అంతకన్నా కాదు. 2006లో కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ గీసిన ఒక గీత.

మోటారు కారు రూపాన్ని నిర్ణయించేది గాలి ఒత్తిడి, ఇంజను పరిమాణం, కొనుగోలుదారుల అభిరుచి మాత్రమేనని సాధారణంగా భావిస్తారు. అయితే గత నూట నలభై ఏళ్ళ చరిత్రను పరిశీలిస్తే, రోడ్లు, ఇంధనం ధర, ఉక్కు రేకు, పన్ను లెక్క, ప్రమాదాలలో పోయిన ప్రాణాలు అంతకంటే ఎక్కువగా దాని రూపాన్ని దిద్దినట్లు స్పష్టమవుతుంది.

మాటల్లో మిగిలిన గుర్రపు బండి

జర్మనీకి చెందిన కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న పేటెంట్ కోసం దరఖాస్తు చేసిన మోటారు వాహనానికి మూడు చక్రాలు, ఒకే సిలిండరు ఉండేవి. ఇంజను సీటు కింద, వెనుక వైపు ఉండేది. గుర్రాన్ని విప్పేసిన బండికి యంత్రం తగిలించినట్లే దాని ఆకారం ఉండేది. ఇంజనును ముందుకు తెచ్చి, వెనుక చక్రాలను తిప్పే పద్ధతిని 1891లో ఫ్రాన్సులోని పనార్డ్-లెవాసోర్ సంస్థ ప్రవేశపెట్టింది. తరువాతి అనేక దశాబ్దాల పాటు ప్రపంచమంతటా అదే ప్రమాణంగా నిలిచింది.

గుర్రపు బండి పోయినా దాని మాటలు మిగిలిపోయాయి. గుర్రపు డెక్కల నుంచి ఎగిరే బురద బండి తోలేవారిపై పడకుండా ముందు అడ్డంగా బిగించిన పలకకే ఒకప్పుడు 'డ్యాష్‌బోర్డు' అని పేరు. ఇప్పుడు స్పీడోమీటరు ఉండే చోటును అదే పేరుతో పిలుస్తున్నారు. బండి వెనుక నౌకర్లు కూర్చునే ఆసనం 'డికీ'. తొలినాటి కార్లలో వెనుక మడత సీటుగా అది కొనసాగింది. ఆ సీటు పోయి సామాను పెట్టె వచ్చిన తరువాత కూడా మన దేశంలో దానిని 'డిక్కీ' అనే అంటున్నారు.

'స్టెప్నీ' కథ మరింత ఆసక్తికరమైనది. తొలినాటి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో లానెల్లీ పట్టణానికి చెందిన డేవిస్ సోదరులు 1904లో పంక్చరైన చక్రానికి తాత్కాలికంగా తగిలించే వలయాన్ని తయారుచేశారు. వారి దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. ఆ వీధి పేరు సముద్రాలు దాటి వచ్చి, నేడు మన పల్లెల్లోని సైకిలు షాపుల వారి నోట కూడా వినిపిస్తున్నది.

చట్రం పోయి పెట్టె వచ్చింది

తొలి దశలో కారు రెండు వేర్వేరు భాగాలుగా ఉండేది. కింద ఇంజను, చక్రాలు, స్ప్రింగులను మోసే ఉక్కు చట్రం - అంటే చాసిస్ - ఒక సంస్థ తయారుచేస్తే, దానిపై కలపతో, రేకుతో బాడీ కట్టే పని మరొకరిది. ధనవంతులూ, సంస్థానాధీశులూ చాసిస్ కొని, తమకు నచ్చిన వడ్రంగి సంస్థతో బాడీ కట్టించుకునేవారు.

ఈ పద్ధతికి సామూహిక ఉత్పత్తి గండి కొట్టింది. 1908లో వెలువడిన ఫోర్డ్ 'మోడల్ టి' కార్లు 1927 వరకు కోటిన్నరకు పైగా తయారయ్యాయి. హైలాండ్ పార్క్ కర్మాగారంలో 1913లో కదిలే అసెంబ్లీ వరుస మొదలైన తరువాత ఒక్కొక్క కారుకు వడ్రంగి పని చేయించే వ్యవధి లేకపోయింది. పెద్ద ప్రెస్సులలో ఉక్కు రేకును వంచి, వెల్డింగ్ చేసి బాడీలు తయారుచేయడం వచ్చింది. రేకు బాడీ రావడంతో పైకప్పు లేని కార్ల స్థానంలో నాలుగు వైపులా మూసి ఉండే కార్లు 1920 దశకంలో ఆధిపత్యం సంపాదించాయి. ఎండా వానల్లో ఏడాది పొడవునా నడిపే వీలు కలగడంతో కారు విలాస వస్తువు స్థాయి నుంచి నిత్యావసరంగా మారింది.

తరువాతి మలుపు చట్రమే లేని కారు. ఇటలీకి చెందిన లాన్షియా సంస్థ 1922లో ప్రదర్శించిన 'లాంబ్డా', ఫ్రాన్సుకు చెందిన సిట్రోయెన్ 1934లో విడుదల చేసిన 'ట్రాక్షన్ అవాంట్' కార్లలో బాడీయే బరువును మోసింది. కోడిగుడ్డు పెంకు పలచగా ఉన్నా గుండ్రని ఆకారం వల్ల ఎలా బలంగా ఉంటుందో, మడతలు పెట్టి అతికించిన పలచని రేకుల పెట్టె కూడా అదే విధంగా బలంగా ఉంటుంది. చట్రం బరువు తగ్గడంతో పెట్రోలు ఆదా అయింది, నేల ఎత్తు తగ్గింది, లోపల చోటు పెరిగింది. 'మోనోకాక్'గా పిలిచే ఈ పద్ధతినే నేటి కార్లలో అత్యధిక భాగం అనుసరిస్తున్నాయి.

కాగా, కొత్త రూపాలన్నీ ప్రజామోదం పొందలేదు. గాలిని చీల్చుకుపోయేలా 1934లో క్రైస్లర్ రూపొందించిన 'ఎయిర్‌ఫ్లో' కారు ఇంజనీర్ల ప్రశంసలు అందుకున్నా, దాని గుండ్రని ముక్కు కొనుగోలుదారులకు నచ్చలేదు. కాలానికి ముందు వచ్చినందుకు అది మూల్యం చెల్లించింది.

1956 నాటి సూయజ్ సంక్షోభంలో పెట్రోలు కొరత ఏర్పడినప్పుడు బ్రిటన్‌లో చిన్న కారు ఆలోచన బలపడింది. 1959లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన 'మినీ' కారులో ఇంజనును అడ్డంగా అమర్చి ముందు చక్రాలనే తిప్పించారు. దానితో మూడు మీటర్లు దాటీ దాటని పొడవులో నలుగురు కూర్చోగలిగారు. నేడు మన రోడ్లపై తిరిగే చిన్న కార్లలో అత్యధికం ఆ ఏర్పాటుకే వారసులు.

అంబాసిడర్ ఏలుబడి

భారతదేశంలో మోటారు పరిశ్రమకు తొలి అడుగులలో ఒకటి గుజరాత్ తీరంలోనే పడింది. బిర్లాలు 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్ మొదట ఓఖా రేవులో చిన్న బిగింపు కర్మాగారంగా మొదలై, 1948లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాకు తరలింది. బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాపై అక్కడ తయారైన అంబాసిడర్ 1950 దశకం చివరి నుంచి 2014 మే వరకు, పైరూపంలో స్వల్ప మార్పులతో కొనసాగింది. వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ సంస్థ ఫియట్ 1100ను, మద్రాసులోని స్టాండర్డ్ సంస్థ 1961 నుంచి హెరాల్డ్‌ను తయారుచేశాయి.

లైసెన్సుల విధానంలో ఏడాదికి ఎన్ని కార్లు చేయాలో ప్రభుత్వమే నిర్ణయించేది. కారు బుక్ చేసుకుని సంవత్సరాల తరబడి ఎదురుచూసే కొనుగోలుదారు ఉన్నప్పుడు రూపం మార్చవలసిన అవసరం తయారీదారుకు కలగలేదు. అయినప్పటికీ అంబాసిడర్‌ను కేవలం పాతబడిన కారుగా కొట్టివేయడం న్యాయం కాదు. ఎత్తైన పైకప్పు, వెడల్పాటి వెనుక సీటు, గతుకుల రోడ్డును తట్టుకునే స్ప్రింగులు, ఏ ఊళ్ళోనైనా బాగుచేయగల ఇంజను ఈ దేశపు అవసరాలకు సరిపోయాయి. పెళ్ళిబృందం మొత్తం ఎక్కగలిగిన కారు అది.

1983 డిసెంబరు 14న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ తొలి మారుతి 800 తాళం చెవులను కొనుగోలుదారుకు అందజేయడంతో ఆ శకానికి చరమగీతం మొదలైంది. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజను, ముందు చక్రాల చలనం, అంబాసిడర్‌తో పోలిస్తే సుమారు ఒక మీటరు తక్కువ పొడవు దాని ప్రత్యేకతలు.

ఈ కారు కూడా ఒక పన్ను గీత సంతానమే కావడం గమనార్హం. జపాన్‌లో 'కే' తరగతి చిన్న కార్లకు పన్ను రాయితీ ఉంది. 1976 నుంచి అమలైన నిబంధనల ప్రకారం ఆ కార్ల పొడవు 3.2 మీటర్లు, ఇంజను 550 సీసీ మించరాదు. ఆ కొలతలో సుజుకి రూపొందించిన బాడీకే పెద్ద ఇంజను అమర్చగా మారుతి 800 అయింది. అంతకు పూర్వం బ్రిటన్‌లోనూ ఇటువంటిదే జరిగింది. అక్కడ 1947 వరకు ఇంజను సిలిండరు వ్యాసాన్ని బట్టి పన్ను వేసేవారు. దానితో ఇంజనీర్లు సన్నని సిలిండర్లలో పిస్టన్ ఎక్కువ దూరం నడిచే ఇంజన్లను తయారుచేశారు. పన్ను అధికారి కొలబద్ద ఎక్కడ పెడితే ఇంజనీరు అక్కడ కోత పెడతాడనేది అన్ని దేశాల అనుభవం.

తోక కోసిన గీత

1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సులు రద్దయిన తరువాత విదేశీ సంస్థలు వరుస కట్టాయి. గుజరాత్‌లోని హలోల్‌లో జనరల్ మోటార్స్ కార్ల తయారీ 1996లో మొదలైంది. 1998లో కూర్చునేందుకు వీలైన ఎత్తైన పైకప్పుతో హ్యుందాయ్ శాంట్రో, స్వదేశీ సంస్థ అభివృద్ధి చేసిన టాటా ఇండికా వచ్చాయి. అంబాసిడర్‌లోని చోటును చిన్న కారు కొలతలో ఇవ్వాలన్నది ఇండికా వెనుక ఉన్న ఆశయం.

2006-07 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి పి. చిదంబరం చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడవు 4 మీటర్లు, ఇంజను పెట్రోలు అయితే 1200 సీసీ, డీజిలు అయితే 1500 సీసీ మించకూడదన్నది షరతు. భారతదేశాన్ని చిన్న కార్ల తయారీ కేంద్రంగా తీర్చిదిద్దడం దీని ఉద్దేశం. దీని ఫలితం మాత్రం ఎవరూ ఊహించని దిశలో కనిపించింది.

మన దేశంలో డిక్కీ ఉన్న కారుకు ఒక హోదా ఉంది. హోదా కావాలి, పన్ను తగ్గాలి. ఈ రెండింటినీ సాధించేందుకు ఇంజనీర్లు డిక్కీని కురచ చేశారు. టాటా 2008లో ఇండిగో సీఎస్‌ను 4 మీటర్ల లోపునకు తెచ్చింది. 2008లో నాలుగు మీటర్లు దాటి వచ్చిన మారుతి స్విఫ్ట్ డిజైర్, 2012లో తోక కోయించుకుని 3,995 మిల్లీమీటర్లకు కుదిరింది. 2013లో విడుదలైన ఫోర్డ్ ఎకోస్పోర్ట్ పొడవు 3,999 మిల్లీమీటర్లు. అంటే గీతకు ఒక్క మిల్లీమీటరు ఇవతల ఆగింది. జీపు ఠీవి ఉండి, చిన్న కారు పన్ను పడే ఈ తరహా వాహనాలు ఆ తరువాత మార్కెట్‌ను ముంచెత్తాయి. రాయలసీమలోని పెనుకొండ సమీపాన 2019లో కార్ల తయారీ ప్రారంభించిన కొరియా సంస్థ కియా, మరుసటి ఏడాది అక్కడి నుంచే విడుదల చేసిన సోనెట్ కూడా 3,995 మిల్లీమీటర్లే.

2017లో జీఎస్టీ వచ్చినా ఈ గీత చెరిగిపోలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన సవరణలతో చిన్న కార్లపై పన్ను 18 శాతంగా, మిగిలిన పెట్రోలు, డీజిలు కార్లపై 40 శాతంగా నిర్ణయమైంది. అంతకుముందు చిన్న పెట్రోలు కారుపై సెస్సుతో కలిపి 29 శాతం, పెద్ద కార్లపై 45 నుంచి 50 శాతం వరకు ఉండేది. రెండు తరగతులపై భారం తగ్గినప్పటికీ గీతకు ఇటూ అటూ ఉన్న తేడా ఇప్పుడు 22 శాతం పాయింట్లకు చేరింది. తత్ఫలితంగా తోక కోసే కత్తికి పదును పెరిగిందే తప్ప తగ్గలేదు.

నలిగే ముక్కు, నిలిచే గది

పొడవు తగ్గించడం సామానుకు మాత్రమే సంబంధించిన విషయమైతే చర్చ అంతటితో ముగిసేది. ప్రమాదంలో కారు ముందు, వెనుక భాగాలు మరో ముఖ్యమైన పని చేస్తాయి.

కారు ఎంత గట్టిగా ఉంటే అంత క్షేమమని ఒకప్పుడు నమ్మేవారు. మెర్సిడెస్ సంస్థ ఇంజనీరు బేలా బారెన్యీ 1950 దశకం తొలినాళ్ళలో ఈ నమ్మకాన్ని తలకిందులు చేశారు. ప్రయాణికులు కూర్చునే గది మాత్రమే గట్టిగా ఉండాలని, ముందు, వెనుక భాగాలు నలిగిపోవాలని ఆయన ప్రతిపాదించారు. క్రికెట్‌లో వేగంగా వచ్చే బంతిని పట్టేటప్పుడు ఆటగాడు చేతులను వెనక్కు తీసుకుంటాడు. బంతి ఆగే వ్యవధి పెరగడం వల్ల దెబ్బ తగ్గుతుంది. కారు ముక్కు నలగడం కూడా సరిగ్గా అదే పని చేస్తుంది. 1959లో వచ్చిన మెర్సిడెస్ కార్లలో ఈ పద్ధతి ఆచరణలోకి వచ్చింది. అదే సంవత్సరం వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందించిన మూడు కొసల సీటు బెల్టు కూడా వచ్చింది. ఇతర సంస్థలు కూడా వాడుకునేందుకు వోల్వో ఆ పేటెంటును అందుబాటులో ఉంచింది.

తక్కువ పొడవులో కూడా భద్రత సాధ్యమే. అందుకు నలిగే భాగంలో ఉక్కును ఒక పద్ధతిలో మడవాలి, ప్రయాణికుల గదికి అధిక బలం గల ఉక్కును వాడాలి. అది ఖర్చుతో కూడిన పని. మన దేశంలో ఆ ఖర్చు చాలాకాలం మిగుల్చుకున్నారు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ భారతీయ మార్కెట్‌లోని ఐదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి పరీక్షించింది. ఎయిర్‌బ్యాగులు లేని ఆ నమూనాలలో ఏ ఒక్కటీ పెద్దల భద్రతలో ఒక్క నక్షత్రమైనా సంపాదించలేకపోయింది.

వాటిలో టాటా నానో ఒకటి. స్కూటరుపై పిల్లలతో ప్రయాణించే కుటుంబానికి నాలుగు చక్రాల క్షేమం కల్పించాలన్న సంకల్పంతో 2008లో ఆవిష్కరించిన ఆ కారు, సింగూరు ఆందోళన తరువాత గుజరాత్‌లోని సాణంద్‌కు తరలి, 2018లో ఉత్పత్తి నిలిచిపోయింది. చౌక కారు అనే ముద్ర దానికి తోడ్పడకపోగా భారమైంది. అదే టాటా సంస్థ తయారుచేసిన నెక్సాన్ 2018 డిసెంబరులో ఐదు నక్షత్రాలు పొందిన తొలి భారతీయ కారుగా నిలవడం, అదీ నాలుగు మీటర్ల లోపు కారు కావడం విశేషం.

ఈలోగా నిబంధనలు కూడా మారాయి. కొత్త నమూనాలకు 2017 అక్టోబరు నుంచి, మిగిలిన వాటికి 2019 అక్టోబరు నుంచి ఢీకొట్టే పరీక్ష తప్పనిసరి అయింది. 2019 జూలై నుంచి డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేశారు. 2023 అక్టోబరు 1న భారత్ ఎన్‌క్యాప్ పేరిట స్వదేశీ నక్షత్రాల విధానం అమలులోకి వచ్చింది.

అయితే కారు ఎంత మెరుగుపడినా అందులోని మనిషి తన వంతు చేయవలసి ఉంటుంది. కడోదరా మీదుగా పోయే ఈ రహదారిపైనే, మహారాష్ట్రలోని పాల్‌ఘర్ జిల్లాలో 2022 సెప్టెంబరు 4న జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించారు. ఆయన ప్రయాణించినది ఖరీదైన విదేశీ కారు. వెనుక సీటులో ఉన్న ఆయన, పక్కనున్న మిత్రుడు బెల్టు ధరించలేదని పోలీసులు వెల్లడించారు. వెనుక కూర్చున్న ఇద్దరూ మరణించగా, ముందు సీట్లలోని ఇద్దరు గాయాలతో బయటపడ్డారు. ఆ ఒక్క సంవత్సరంలోనే దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణా శాఖ లెక్కలు చెబుతున్నాయి.

ఆ బెల్టు పట్టీని నేసేది బలిష్టమైన పాలియెస్టర్ నూలుతోనే. కారు టైర్ల లోపలి పొరలలోనూ, సీట్ల గుడ్డలలోనూ పాలియెస్టర్ ఉంటుంది. సూరత్ తీరంలోని హజీరాలో బాడీలకు మూలమైన ఉక్కు రేకులు తయారవుతాయి. చీరెకు నూలు వడికే జోల్వా, రేకు సాగదీసే హజీరా ఒకే జిల్లాలో ఉండడం యాదృచ్ఛికమే అయినా, నేటి కారు ప్రధానంగా ఉక్కు, నూలు, ప్లాస్టిక్కుల కూర్పు అని గుర్తుచేస్తుంది.

లారీలో మిగిలిన పాత పద్ధతి

కారు వదిలివేసిన వందేళ్ళ నాటి పద్ధతి లారీలలో నేటికీ సజీవంగా ఉంది. కర్మాగారం నుంచి చాసిస్ మాత్రమే వస్తుంది. దానిపై కలప పలకలు, ఇనుప పట్టీలతో బాడీ కట్టేది విడి షెడ్లలోని పనివారు. విజయవాడలోని జవహర్ ఆటోనగర్ ఇందుకు ప్రఖ్యాతి వహించింది. వడ్రంగి, కమ్మరి, వెల్డరు, పెయింటరు ఒకే వీధిలో ఉండే ఆటోనగర్ నుంచి రంగులు వేయించుకుని బయలుదేరిన లారీలు దేశమంతటా తిరుగుతున్నాయి.

ఈ పద్ధతి వేలాది మందికి ఉపాధి కల్పించింది. యజమాని తన సరకుకు తగిన కొలతలో బాడీ కట్టించుకునే స్వేచ్ఛ ఇచ్చింది. కానీ డ్రైవరు కూర్చునే క్యాబిన్ కూడా ఇదే విధంగా కట్టినప్పుడు, ఢీకొంటే అది ఎంత తట్టుకుంటుందో పరీక్షించే ఏర్పాటు లేకపోయింది. లారీ బాడీలకు ప్రమాణాలు నిర్దేశించడం, 2025 అక్టోబరు 1 తరువాత తయారయ్యే మధ్య, భారీ తరహా లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేయడం ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నాలే. ప్రమాణాలు పెరిగేకొద్దీ పని చిన్న షెడ్ల నుంచి పెద్ద కర్మాగారాలకు తరలిపోవచ్చు. పనివారి నైపుణ్యాన్ని ప్రమాణాలకు అనుగుణంగా మలచగలిగితేనే ఇటు డ్రైవరు ప్రాణానికీ, అటు వడ్రంగి జీవనానికీ రక్షణ ఉంటుంది.

ఇంజను లేని ముక్కు

విద్యుత్ కార్ల రాకతో వాహన రూపం మరోసారి మారుతున్నది. బ్యాటరీలు నేల కింద పలకలా పరచుకోవడంతో ముందు ఇంజను గదికీ, మధ్యలో గొట్టాలకూ అవసరం లేకుండా పోతున్నది. చక్రాలు మూలలకు జరిగి లోపలి చోటు పెరుగుతున్నది. విచిత్రమేమిటంటే, కింద చట్రం వంటి బ్యాటరీ పలక, పైన ప్రయాణికుల గది అనే ఈ అమరిక మళ్ళీ తొలినాటి చాసిస్‌ను తలపిస్తున్నది.

విద్యుత్ కార్లపై జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. అక్కడ నాలుగు మీటర్ల గీత వర్తించదు. గీత లేని చోట డిక్కీ తిరిగి తన సహజమైన పొడవుకు పెరుగుతుందా, లేక ఇరుకు వీధులకు, పార్కింగ్ కొరతకు తగినట్లు కారు మరింత కురచ అవుతుందా అన్నది ఇకపై కొనుగోలుదారుల నిర్ణయంపై ఆధారపడి ఉంటుంది.

కొలబద్ద ఏదైనా దానికి తగిన కారును ఇంజనీరు తయారుచేయగలడని ఈ చరిత్ర రుజువు చేస్తున్నది. పొడవును కొలిస్తే పొడవు తగ్గింది, నక్షత్రాలను కొలిస్తే భద్రత పెరిగింది. పన్ను లెక్కలో మిల్లీమీటర్లకు దక్కిన విలువ ప్రాణరక్షణకు కూడా దక్కితే, తోక కురచదైనా పొడవైనా ప్రయాణికుడు ఇల్లు చేరతాడు.